మంగాయమ్మ చెవియొగ్గు వ్రత కథ

అక్షతలు చేతబట్టి, ఫోనులు కట్టివేసి, కదలక వినుడు.

పూర్వమొకప్పుడు మాండవ్యుడు జాబాలి మహర్షిని సమీపించి, రాచపుండను క్యాన్సరు సోకినవారికి వైద్యపు బాధ కొంతైనను సులువగు వ్రతము గలదా యని యడిగెను. జాబాలి యిట్లు చెప్పెను.

గోదావరి సీమలో మంగాయమ్మ యను జంతికల వ్యాపారి యుండెను. ఆమె మాటల్లో పడి వాయి మాడ్చుట కద్దు. ఆమెకు రొమ్మున రాచపుండు పుట్టగా, పెనిమిటి పేరయ్య ఆసుపత్రికి గొనిపోయెను. డాక్టరు వరాహమూర్తి మహా విద్వాంసుడే గాని, నిలుచుండియే కాగితములు చూచి, "ఈవిడ తింటున్నారా?" యని పేరయ్యను అడుగును. పేరయ్య చేతులు గట్టుకొని, "బానే తింటందండి" యనును. కీమో మందుకు నోరు పూసి, మూడునాళ్ళుగా మజ్జిగయైనను మ్రింగలేని మంగాయమ్మకు ఒళ్ళు మండెను. తన నోటి సంగతి తన్ను తప్ప అందరిని అడుగుచున్నారని, మూడవ విడత మందునకు రానని గోడవైపు తిరిగి పడుకొనెను.

అది తెలిసి ఆసుపత్రి నర్సు రాహేలమ్మ యింటికి వచ్చి, ప్రక్కన పీట వేసికొని, పేరుపెట్టి పలుకరించి, ఆమెనే యడిగి, ఇంకేమియు లేదని ఆమె యనువరకు లేవక వినెను. ఇదియే చెవియొగ్గు వ్రతము. నోటికి మందు పూయించెను. మంగాయమ్మ జావ త్రాగి, మరునాడే ఆసుపత్రికి బయలుదేరెను.

డాక్టరు ఈ విధానము తెలిసికొని తానును పీటపై కూర్చుండెను. మంగాయమ్మ తోడికోడలి తగవుతో మొదలిడెను. నడుమ ఫోను మ్రోగగా డాక్టరు లేచిపోయెను. వ్రతభంగమయ్యెను. రెండునాళ్ళ జ్వరము సంగతి తోడికోడలి తరువాతి వరుసలో నుండెను. సాయంకాలమునకు ఆమె వణకుచు తెలివి తప్పెను. ఆ మందు మీద జ్వరము ప్రాణాంతకము. వారము దినములు చావుబ్రతుకుల నడుమ నుండెను.

తేరుకొన్న పిదప డాక్టరు ఫోను కట్టివేసి కూర్చుండెను. ఆమె తోడికోడలి కథ మొదటినుండి చెప్పెను. అతడు కిక్కురుమనక వినెను. తుదకు ఆమె స్వరము తగ్గించి, "నేను బతుకుతానా బాబుగారూ?" యని యడిగెను. పేరయ్య ఏడ్చెను. డాక్టరు అతనివంక చూడక, ఆమె కన్నులలోనికే చూచి, తెలిసినది తెలిసినట్లు, తెలియనిది తెలియదని చెప్పెను. ఆమె ఆ పూట కడుపునిండ తిని నిద్రించెను. మిగిలిన మందులన్నియు తానై వచ్చి పెట్టించుకొనెను.

ఈ వ్రతమును డాక్టర్లు, నర్సులు, భర్తలు, కోడండ్రు, పరామర్శకు వచ్చి ఆ రోగముతో ఎవరెవరు పోయిరో చెప్పు బంధువులు తప్పక చేయవలెను. చేసినవారికి రోగి మాట తెలియును. రోగము పోవుట మందుల పని, దానికి ఈ వ్రతము పూచీపడదు. రోగికి మాత్రము తాను ఇంకను మనిషినేనను ధైర్యము కలుగును.

ఇక ప్రసాదము పంచుడు. మంచము మీదనున్నవారికి ఎంత పెట్టవలెనో వారినే యడుగుడు.