పెరుగు తరువాత పప్పు

కుముదినికి ఎటూ పాలుపోవడం లేదు. మర్యాదల పుస్తకం రాసిన వెంకటరత్నమ్మగారి దగ్గర ఆరేళ్ళుగా శిష్యరికం చేస్తోంది. కొత్త ముద్రణకు ప్రతి అక్షరమూ తనే దిద్దుతోంది. ఆ పుస్తకంలోని మాటే ఇప్పుడు ఇంట్లో ముల్లై గుచ్చుకుంటోంది.

పెద్దాపురం చుట్టుపక్కల కొత్త కాపురానికి వెళ్ళే పిల్ల పెట్టెలో ఆ పుస్తకం ఉండాల్సిందే. యాభై ఏళ్ళుగా అంతే. వెంకటరత్నమ్మగారు గుమ్మంలోకి వస్తున్నారంటే కాలు మీద కాలేసుకున్నవాళ్ళు గబుక్కున దించేసేవారు. ఆవిడ మాత్రం ఎవర్నీ తప్పుపట్టగా చూసినవాళ్ళు లేరు.

"అమ్మగారూ, పంక్తిని ఆపకూడదని రాశారు. పక్షవాతం వచ్చినప్పటి నుంచీ మా నాన్న చెయ్యి వణుకుతోంది. అందరూ పెరుగన్నం తినేసినా ఆయన పప్పు దగ్గరే ఉంటారు. సగంలో లేచిపోతారు. ఇంటికొచ్చి ఆకల్లేదంటారు. ఇక పిలుపులకి తీసుకెళ్ళడం మానెయ్యనా?"

వెంకటరత్నమ్మగారు కళ్ళజోడు తుడుచుకున్నారు.

"గురువారం మా మునిమనవడి అన్నప్రాసన. ఆయన్ని తీసుకురా."

గురువారం అనుకున్నట్టే అయింది. నలభై మంది తినేసి, చేతులు ఎండబెట్టుకుంటూ కూర్చున్నారు. కుముదిని తండ్రి పేర్రాజుగారు ముద్ద కలుపుతూ తలెత్తి చూశారు. పక్కనే ఉన్న కూతురు 'ఇక చాలు నాన్నా' అని కళ్ళతోనే చెప్పింది. ఆయన ముద్ద వదిలేసి విస్తరి మడవబోయారు.

"సత్తిరాజూ! ఇటు పప్పు పట్రా."

వెంకటరత్నమ్మగారి గొంతు అది. వడ్డిస్తున్న సత్తిరాజు ఆగిపోయాడు. ఆవిడ పెరుగన్నం తినేశారు. పెరుగు దాకా వచ్చినవాళ్ళు మళ్ళీ పప్పు అడగకూడదని రాసిందీ ఆవిడే.

"మీకేనా అమ్మగారూ?"

"నాకే. అన్నం కూడా."

"చూశారర్రా! పుస్తకం రాసినావిడే పప్పులో కాలేశారు!" అని ఎదుటి వరసలోంచి ఒకాయన అరిచాడు. పంక్తంతా గొల్లుమంది. కుముదిని సిగ్గుతో తల దించుకుంది.

"వేశానయ్యా. అంత బాగా కుదిరింది, ఏం చెయ్యను?" అంటూ ఆవిడ నెయ్యి కూడా వేయించుకున్నారు.

"అయితే నాకూ గుమ్మడికాయ పులుసు తగలనీ!" అన్నాడు అరిచినాయన. "ఇటు రెండు గారెలు" అంది ఇంకొకావిడ. భోజనం మళ్ళీ మొదలైంది. ఎవరి విస్తరి గొడవ వాళ్ళది. పేర్రాజుగారు వదిలేసిన ముద్ద మళ్ళీ కలుపుకున్నారు.

వెంకటరత్నమ్మగారు మెతుకు మెతుకూ ఏరుకున్నట్టు తిన్నారు. ఆయన పెరుగన్నం అయ్యేదాకా ఆవిడ పప్పన్నం అవలేదు.

పెరట్లో గురువుగారి చేతుల మీద నీళ్ళు పోస్తూ కుముదిని మెల్లిగా అడిగింది.

"అమ్మగారూ, ఆ పప్పు నియమం తీసెయ్యమంటారా?"

"ఎందుకూ? మంచి నియమమే. ఉండనీ."

"మరి పంక్తిని ఆపకూడదన్నది?"

"అదీ ఉండనీ. ముందు చెంబు అటు పట్టు. మీ నాన్నగారు ఎంగిలి చేత్తో నిలబడ్డారు."