జమీందారుగారి పులిజూదం

కోనవరం జమీందారు పులిజూదంలో ఎప్పుడూ పులులే తీసుకునేవాడు, ఎదుటివాడికి మేకలు. పులి చిక్కిందంటే ఎత్తు వెనక్కి తీసుకునేవాడు. విసుగెత్తి ఊరంతా ఆట మానేసింది. ఆట మధ్యలో లేచాడని కుమ్మరి ఓబన్నను ఏకంగా చెరలో వేయించాడు.

ఓబన్న భార్య పేరిందేవి వచ్చింది. "నేనాడతాను దొరా. ఈసారి పులులూ నావే, వెనక్కి తీసుకునే హక్కూ నాదే. మీ నేర్పుకు అదొక లెక్కా?"

దొర మీసం దువ్వి కూర్చున్నాడు. మేకలు పులిని చుట్టుముట్టిన ప్రతిసారీ ఆమె తీరిగ్గా ఎత్తు వెనక్కి తీసుకుంది.

"ఇదీ ఒక ఆటేనా?" అంటూ దొర లేచాడు.

"మా ఆయనా అదే అన్నాడు దొరా. మీరూ మధ్యలోనే లేచారు. మరి చెరలో ఇద్దరికీ చోటుందా?"

దొర ఓబన్నను విడిపించాడు.

దారిలో ఓబన్న, "ఇంటికెళ్లి ఒక ఆట వేద్దామా?" అన్నాడు.

పేరిందేవి తలెత్తుకుని నడుస్తూనే, "పులులు నావైతేనే" అంది.