రేపటి కొలతలు

రేపల్లెలో మా పేట చర్చి పక్క సందులో ఆశీర్వాదం అనే దర్జీ ఉండేవాడు; బట్టలు కుట్టడంలోనూ, రేపటిని తలుచుకుని భయపడటంలోనూ అతన్ని మించినవాడు ఆ చుట్టుపక్కల లేడు.

అతని భయమంతా బట్టల్లోనే కనిపించేది. ఎవరు వచ్చినా టేపు పెట్టి శ్రద్ధగా కొలిచేవాడు. కొలతలు పుస్తకంలో రాసుకునేవాడు. తీరా కత్తెర పట్టేసరికి అన్ని వైపులా రెండేసి అంగుళాలు పెంచేవాడు. అదేమిటని అడిగితే, రేపు ఒళ్ళు చేస్తే ఏం చేస్తారు, ఉతికాక గుడ్డ కుంచించుకుపోతే ఏం చేస్తారు అని ఎదురు అడిగేవాడు. పిల్లల గౌన్ల సంగతి మరీ అన్యాయం. ఒకటో తరగతిలో కుట్టించిన గౌను నాలుగో తరగతికి గానీ సరిపోయేది కాదు.

క్రిస్మస్ నాడు మా పేటవాళ్ళం కొత్తబట్టలు వేసుకుని నడుస్తుంటే బజారువాళ్ళు దూరం నుంచే గుర్తుపట్టేవాళ్ళు. గాలి వీచిందంటే మేమంతా తెరచాప ఎత్తిన పడవల్లా ఉండేవాళ్ళం. అయినా ఇంకో దర్జీ దగ్గరికి పోలేదు. ఆశీర్వాదం వేసిన కుట్టు ఊడటం ఎవరూ చూడలేదు. పైగా మనిషి చాలా మంచివాడు.

భక్తి లేదనడానికి కూడా వీల్లేదు. ఆదివారం ఆరాధన ఎన్నడూ మానలేదు. అతని ప్రార్థన మాత్రం చాంతాడంత ఉండేది. మిషను బెల్టు తెగకుండా, చూపు తగ్గకుండా, పైకప్పు రేకు కారకుండా, జ్వరం రాకుండా చూడమని ఒక్కొక్కటీ దేవుడికి అప్పగించేవాడు. ఆమెన్ అనేవాడు. ఇంటికి వచ్చి మళ్ళీ ఆ దిగుళ్ళనే మొదటి నుంచి పడేవాడు.

"ఏమయ్యా, దేవుడి దగ్గర దించిన మూటను మళ్ళీ నెత్తిన పెట్టుకుని వచ్చావే. ఆయన్ని కాసేపైనా మొయ్యనివ్వవా?" అని అతని భార్య జ్ఞానరత్నం ఆటపట్టించేది.

ఆశీర్వాదం నవ్వేవాడు కాదు. తలెత్తి రేకు ఎక్కడైనా తుప్పు పట్టిందేమోనని చూసేవాడు.

ఒక ఏడాది వేసవిలో మా పేటకు గొప్ప కబురు వచ్చింది. మగ్గం నేసే ఎస్తేరమ్మ కూతురు దయామణి పాస్టరు చదువు పూర్తి చేసింది. బిషప్ గారు స్వయంగా మా చర్చికే వచ్చి ఆమెకు గురుపట్టం ఇస్తారని తెలిసింది. అంతవరకూ పాస్టరమ్మ అంటే పాస్టరు గారి భార్య అనే మాకు తెలుసు. ఈ పాస్టరమ్మ తానే పాస్టరు. అదీ మా సందుల్లో ముక్కు కారుతూ తిరిగిన పిల్ల. ఆ నెలంతా మేము కాలరు ఎగరేసుకునే తిరిగాం. కాలరు లేనివాళ్ళు కూడా ఎగరేశారు.

ఆ సంతోషంలో ఒక్క వెలితి ఉంది. ఎస్తేరమ్మ అంతకు ముందు ఏడాదే కన్నుమూసింది. పోయే ముందు, చూపు సరిగా ఆనకపోయినా, కూతురి గురుపట్టాభిషేకానికని తన మగ్గం మీద తెల్లని నూలు గుడ్డ నేసి మడతపెట్టి ఉంచింది. ఆ గుడ్డ ఒక్కటే ఉంది. అలాంటిది మళ్ళీ నేయడానికి ఆ చేతులు లేవు. దయామణి దాన్ని తెచ్చి ఆశీర్వాదం బల్ల మీద పెట్టింది. దానితో ఆరాధనలో వేసుకునే నిలువుటంగీ కుట్టమని అడిగింది.

"బాబాయ్, చిన్నప్పుడు నా గౌన్లన్నీ నువ్వే కుట్టావు. ఒక్కటీ సరిపోలేదు," అని నవ్వింది. "సండే స్కూలు నాటకంలో గౌను కాళ్ళకు తట్టుకుని అందరి ముందూ పడ్డాను, గుర్తుందా? ఇప్పుడు ప్రభుబల్ల ద్రాక్షరసం పాత్ర పట్టుకుని మెట్లు దిగాలి. ఈ ఒక్కసారి రేపటి నాకు కాదు, ఇవాళ్టి నాకు కుట్టు."

ఆశీర్వాదం అలాగేనమ్మా అన్నాడు. కొలతలు తీసుకున్నాడు. పట్టాభిషేకానికి ఇంకా మూడు వారాల గడువు ఉంది.

ఆ మూడు వారాలూ అతనికి అన్నం సహించలేదు. రోజూ పొద్దున్నే గుడ్డ పరిచేవాడు. సుద్దతో గీతలు గీసేవాడు. కత్తెర చేతిలోకి తీసుకునేవాడు. ఒక్క గాటు పక్కకు పోతే ఎస్తేరమ్మ గుడ్డ మళ్ళీ దొరకదు కదా అని ఒక దిగులు. అమ్మాయి రేపు కాస్త ఒళ్ళు చేస్తే జీవితాంతం ఈ అంగీ పనికిరాకుండా పోతుందేమోనని ఇంకో దిగులు. గీతలు దులిపేసి గుడ్డ మళ్ళీ మడతపెట్టేవాడు. మడతపెట్టినందుకు గుడ్డ నలిగేది. నలిగినందుకు మర్నాడు నీళ్ళు చిలకరించి, బొగ్గుల ఇస్త్రీ పెట్టెతో ఇస్త్రీ చేసేవాడు. కత్తెర మాత్రం పడలేదు.

పట్టాభిషేకానికి మూడు రోజులు ఉందనగా, గురువారం పొద్దున, అలాగే ఇస్త్రీ చేస్తున్నాడు. బిషప్ గారు అంగీ చూసి ఏమంటారోనని ఆలోచనలో పడ్డాడు. చేయి ఆగిపోయింది. ఇస్త్రీ పెట్టె ఉన్నచోటే ఉండిపోయింది. కమురు వాసన ముక్కుకు తగిలేసరికి గుడ్డ అంచున అరచేయంత గోధుమరంగు మచ్చ పడింది.

ఆశీర్వాదం పెట్టె ఎత్తి పక్కన పెట్టాడు. టేపు పెట్టి అటూ ఇటూ కొలిచాడు. మచ్చ పడిన మేరకు తీసేస్తే మిగిలిన గుడ్డ దయామణి కొలతలకు సరిగ్గా సరిపోతుంది. అంగుళం కూడా మిగలదు. పెంచి కత్తిరించాలంటే చేతులు పొట్టి అవుతాయి. ఇన్నేళ్ళుగా అతనికి తెలిసిన ఒకే ఒక్క ధైర్యం ఆ పెంచిన రెండు అంగుళాలే. అది కూడా పోయింది. ఆ పిల్ల జీవితంలో వచ్చే ఒకే ఒక్క రోజును, వాళ్ళమ్మ ఆఖరి నేతను తానే పాడుచేశానని నేల మీద కూలబడి ఏడ్చాడు.

జ్ఞానరత్నం వచ్చి చూసింది. ఈసారి ఆటపట్టించలేదు. తనకు ఒంట్లో బాగాలేదని చెప్పి గుడ్డను గుంటూరులో ఇంకో దర్జీకి పంపించమని అతను బతిమాలాడు. ఆమె ఒప్పుకోలేదు. ఏం చెప్పినా నీ నోటితోనే చెప్పాలని, తానే వెళ్ళి దయామణిని వెంటబెట్టుకు వచ్చింది.

దయామణి మచ్చ మీద చేయి పెట్టింది. వాళ్ళమ్మ నేసిన పోగులు అక్కడ పెళుసుగా విరిగిపోతున్నాయి. ఆమె కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఆశీర్వాదం తలెత్తలేదు. మూడు వారాలుగా జరిగింది జరిగినట్టు చెప్పాడు. తర్వాత పెళ్ళానికి తప్ప ఎవరికీ చెప్పని సంగతి కూడా చెప్పాడు.

అతనిది దివిసీమ. ఉప్పెన వచ్చిననాటికి తొమ్మిదేళ్ళవాడు. పొద్దున అమ్మ, నాన్న, చెల్లెలు, ఇల్లు అన్నీ ఉన్నాయి. మర్నాటికి ఏదీ లేదు. అనాథ పిల్లల హాస్టల్లో చేర్చుకుని ఒక చొక్కా ఇచ్చారు. అది మోకాళ్ళు దాటి వేలాడేది. పెద్దయ్యేదాకా ఇదే నీ చొక్కా, ఇంకొకటి రాదు, జాగ్రత్త అన్నారు. ఆ రోజు నుంచి రేపు అంటే అతనికి, ఉన్నదంతా లాక్కోవడానికి వచ్చేది.

దయామణి కూడా నేల మీదే అతని ఎదురుగా కూర్చుంది.

"ఆ ఉప్పెనలో నువ్వెలా మిగిలావు బాబాయ్?" అని అడిగింది.

"తుమ్మకొమ్మ ఒకటి చేతికి దొరికింది. దాన్నే పట్టుకుని వేలాడాను. తర్వాత ఎవరో పడవలో వచ్చి దించారు."

"ఆ కొమ్మను ముందే చూసిపెట్టుకున్నావా? ఆ పడవకు నువ్వు కబురు పెట్టావా?"

ఆశీర్వాదం లేదన్నట్టు తల అడ్డంగా ఊపాడు. "మరి మా అమ్మకు కొమ్మ ఎందుకు దొరకలేదమ్మా?" అన్నాడు.

"నాకు తెలియదు," అంది దయామణి. "మా అమ్మను ఈ పండగ చూడనివ్వకుండా దేవుడు ఎందుకు తీసుకుపోయాడో కూడా తెలియదు. ఆయన్నే అడిగి ఏడ్చాను. ఏడుస్తున్నప్పుడు ఒక్కదాన్నే లేను. అది మాత్రం తెలుసు. నువ్వు ఏ రేపటికి భయపడుతున్నావో, ప్రభువు నీకంటే ముందే అక్కడికి వెళ్ళి నిలబడి ఉన్నాడు బాబాయ్. నువ్వేమో ఇన్నేళ్ళుగా అక్కడ ఎవరూ లేరనుకుని కత్తిరిస్తున్నావు."

ఆశీర్వాదం లేచి ముఖం కడుక్కుని వచ్చాడు. గుడ్డ బల్ల మీద పరిచి, రెండు చేతులూ దాని మీద ఆనించి కళ్ళు మూసుకున్నాడు.

"ప్రభువా, రేపటి కొలతలు నాకు తెలియవు. నీకు తెలుసు. ఇవాళ్టివి నా దగ్గర ఉన్నాయి. వాటికే కత్తిరిస్తాను. ఆమెన్," అన్నాడు.

అంత చిన్న ప్రార్థన అతను పుట్టి బుద్ధెరిగాక చేసి ఉండడు. కళ్ళు తెరిచి కత్తెర అందుకున్నాడు. మెడ దగ్గర మొదలుపెట్టి అంచు దాకా ఒక్క ఊపులో నడిపించాడు. పక్కలు కత్తిరించాడు, చేతులు కత్తిరించాడు. అంగుళం పెంచలేదు. ఏళ్ళ తరబడి గుండెను పట్టుకుని ఉన్నదేదో వదిలిపోయినట్టు అనిపించి, ఉన్నట్టుండి గట్టిగా నవ్వాడు. ఆ ఇంట్లో అలాంటి నవ్వు అలవాటు లేదు. జ్ఞానరత్నం వంటింట్లోంచి గరిటె పట్టుకునే వచ్చి, ఎవరు వచ్చారని అడిగింది. శుక్రవారం, శనివారం మిషను చప్పుడుతో పాటు అతని పాట కూడా సందు చివరిదాకా వినిపించింది. గొంతు బాగుండదు గానీ ఎవరూ వద్దనలేదు.

ఆదివారం మా చర్చి పట్టక జనం వాకిట్లో నిలబడ్డారు. దయామణి తెల్లని నిలువుటంగీలో లోపలికి వచ్చింది. అంచు సరిగ్గా మడమల మీద ఆగింది. భుజాలు భుజాల మీదే ఉన్నాయి. బిషప్ గారు ఆమె తల మీద చేతులుంచి ప్రార్థన చేశారు. ఆమె పాత్ర పట్టుకుని మూడు మెట్లూ తడబడకుండా దిగింది. ఆఖరున రెండు చేతులూ ఎత్తి మమ్మల్ని దీవిస్తుంటే, మగ్గాలు నేసినవాళ్ళూ, మూటలు మోసినవాళ్ళూ, ఆమెను ఎత్తుకుని పెంచినవాళ్ళూ ఒక్కరూ ఏడవకుండా లేరు. మా పిల్ల అని గొంతు చించుకుని అరవాలనిపించింది. చర్చి కాబట్టి ఊరుకున్నాం.

తర్వాత ప్రేమవిందులో బిషప్ గారు ఈ అంగీ ఎవరు తయారుచేశారని అడిగారు. ఆశీర్వాదం లేచి నిలబడ్డాడు.

"నేసింది ఎస్తేరమ్మ అండి. కుట్టింది నేను. మధ్యలో ఒకచోట తగలబెట్టింది కూడా నేనే," అన్నాడు.

పందిరంతా నవ్వింది. అతను అందరికంటే ఎక్కువ నవ్వాడు.

ఒక్కరోజు సంబరం ఎవరికైనా ఉంటుంది. మేము గొప్పగా చెప్పుకునేది దాని గురించి కాదు. ఆ ఏడాది నవంబరులో తుపాను వస్తుందని మైకులో చెప్పారు. అంతకు ముందు తుపాను మాట చెవిన పడితే చాలు, ఆశీర్వాదం తలుపులు బిగించుకుని మూల కూర్చునేవాడు. ఈసారి మిషను మీద టార్పాలిన్ పట్టా కప్పి తాడు బిగించాడు. చిన్న ప్రార్థన చేసుకుని బయటికి వచ్చాడు. నడవలేని ముసలివాళ్ళను ఒక్కొక్కరినే రిక్షాలో ఎక్కించి బడి భవనానికి చేర్చాడు. అక్కడ భయపడుతున్న పిల్లల మధ్య కూర్చుని, ఉప్పెనలో తనను మోసిన తుమ్మకొమ్మ కథ చెప్పాడు.

గాలి తగ్గాక ఇంటికి వెళ్ళి చూస్తే పైకప్పు రేకులు ఒక్కటీ లేవు. నేను పలకరించడానికి వెళ్ళేసరికి, అతను నెత్తి మీద ఆకాశం పెట్టుకుని మిషనుకు నూనె వేస్తూ పాడుకుంటున్నాడు. ఏళ్ళ తరబడి ఏ రేకుల కోసం ప్రార్థన చేశాడో అవే పోయాయి. రేకులన్నీ పోయాయే ఆశీర్వాదం అన్నాను.

"పోయాయి. నేను పోలేదు, ఆయనా పోలేదు. మీ ఇంట్లో మేకులుంటే పట్రా," అన్నాడు.

రేపటిని ప్రభువు చేతిలో పెట్టినవాడే ఇవాళ్టి పని భయం లేకుండా చేయగలడు. అలాంటివాడి సంతోషాన్ని ఏ తుపానూ ఎత్తుకుపోలేదు.