మండలం చివరి డబ్బా

సోమలింగానికి కడుపు మండిపోయింది. మండదా మరి? రోజూ తెల్లారకముందే లేచి పదిహేడు మంది పిల్లలకు అన్నం డబ్బాలు కట్టి బడికి పంపుతున్న మనిషిని, నట్టనడి వాకిట్లో నిలబెట్టి, వచ్చినవాళ్లూ పోయేవాళ్లూ వింటుండగా అడగాల్సిన మాటా అది?

"మీ ఆశ్రమంలో పిల్లలకు తిండి పెడుతున్నారా, ఉపవాసాలు చేయిస్తున్నారా?"

అడిగింది బడి పెద్ద టీచరు రెజీనా. ఆమె స్కూటరు వెనక సీటు మీద కావేరి తల వాల్చుకుని కూర్చుని ఉంది. ఎనిమిదేళ్ల పిల్ల. మధ్యాహ్నం డ్రిల్లు చేస్తూ ఎండలో కళ్లు తిరిగి పడిపోయిందట. మోచెయ్యి దోక్కుపోయి రక్తం గడ్డకట్టి ఉంది. డాక్టరు చూసి, జబ్బేమీ లేదు, ఒట్టి ఆకలి అన్నాడట.

"ఆకలా!" సోమలింగం ఇంతెత్తున లేచాడు. పిల్ల సంచిలోంచి డబ్బా లాగి, మూత తీసి, టీచరు ముఖం ముందు బోర్లించాడు. ఒక్క మెతుకు రాలలేదు. "చూడండి! చూసి మాట్లాడండి! డబ్బా నిండా కట్టి పంపినా. ఖాళీగా వచ్చింది. తిన్న పిల్లకు ఆకలి యాడనుంచి వస్తాది?"

"అది నన్నడుగుతారేం? సోమవారం నుంచి మధ్యాహ్నం పూట బేకరీ బన్నులు నేనే తెప్పిస్తాను. ఇంకొక్క పిల్ల పడిపోయిందంటే, వీళ్లందరినీ వేరే హాస్టల్‌కు మార్చమని పైకి రాస్తాను." ఆమె కావేరిని దించి, స్కూటరు తిప్పుకుని వెళ్లిపోయింది.

బన్నులు! మైదాపిండి బన్నులు, ఒక్కొక్కటి ఒక్కో ప్లాస్టిక్ కవర్లో! సోమలింగానికి ఆ దుమ్ములో స్కూటరు వెంట పరిగెత్తి రెండు మాటలు అడిగి రావాలనిపించింది.

కొండ కింద ఉన్న ఆ చిన్న ఆశ్రమం సిద్ధవ్వది. అచల సంప్రదాయంలో గురువు ఆమె. ఎనభై దాటిన మనిషి. కాషాయం కట్టదు, ఉపన్యాసం చెప్పదు. దిక్కులేని పిల్లలు ఎట్లెట్లో ఒక్కొక్కరే వచ్చి ఆమె దగ్గర చేరారు. ఇప్పుడు పదిహేడు మంది. రెండు మైళ్ల అవతల ట్రస్టు వాళ్ల బడి ఉంది. అక్కడ చదువు ఉచితం, కానీ మధ్యాహ్నం ఎవరి అన్నం వాళ్లు తెచ్చుకోవాలి.

సోమలింగం అంతకుముందు పట్నంలో పెద్ద ఆస్పత్రిలో రోగులకు పథ్యం రాసేవాడు. మూడేళ్ల కిందట ఉద్యోగం వదిలి, మంత్రోపదేశం కావాలని సిద్ధవ్వ కాళ్ల మీద పడ్డాడు. ఆమె అతనికి వంటింటి తాళంచెవి ఇచ్చింది. మంత్రం సంగతి మళ్లీ ఎత్తలేదు.

ఇచ్చింది వంటిల్లు గదా అని అతనేం చిన్నబుచ్చుకోలేదు. దాన్నే తపస్సు చేసుకున్నాడు. తెల్లన్నం మానేసి కొర్రలు తెచ్చాడు. నూనె తగ్గించాడు. ఏదీ పారెయ్యకూడదన్నాడు. బీరకాయ చెక్కు పచ్చడయింది. గుమ్మడి గింజలు పొడి అయ్యాయి. మునగాకును కాడలతో సహా తరిగి తాళింపు వేశాడు, పీచు ఒంటికి మంచిదని. పాలిచ్చే ఎనుముకు తొక్కలూ తొడిమలూ వేసే కుడితి తొట్టి ఎండి పగుళ్లిచ్చింది. ఆశ్రమానికి ఎవరు వచ్చినా ముందు ఆ ఎండిన తొట్టి దగ్గరికి తీసుకెళ్లి చూపించేవాడు. జనం తీర్థం పుచ్చుకోవడానికి వస్తే ఈయన తొట్టి చూపించడమేమిటో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

వచ్చిన చిక్కల్లా పిల్లలతోనే. ఒకడు వంకాయ ముట్టడు. ఒకడు కరివేపాకు రెబ్బలు ఏరి గోడకంటిస్తాడు. ఒకతెకు పెరుగు ఉంటే చాలు, ఇంకేదీ వద్దు. సాయంత్రానికి డబ్బాలు సగం సగం తిరిగొచ్చేవి. అది చూసి సోమలింగం అగ్గిమీద గుగ్గిలమయ్యేవాడు. ఇంత బలమైన తిండి, ఇంత కష్టపడి చేస్తే, వంకలా?

చివరికి మండలం పట్టాడు. నలభై ఒక్క రోజులు ఒక్క మెతుకు కూడా వెనక్కి రాకూడదు. ఎవరి డబ్బాలో మిగిలితే వాళ్లు రాత్రికి ఆ మిగిలిందే తినాలి. అది తినేదాకా కంచంలో ఇంకేమీ పడదు. రోజూ సాయంత్రం గేట్లో నిలబడి ఒక్కొక్కరినీ అడిగేవాడు, "డబ్బా ఖాళీనా?" పిల్లలు డబ్బా తెరిచి బోర్లించి చూపాలి. మొదటి రెండు రోజులు ఏడుపులు. మూడో రోజు నుంచి అన్ని డబ్బాలూ ఖాళీ. గేటు పక్కన నల్లబల్ల పెట్టి రోజుల అంకె రాయడం మొదలుపెట్టాడు. ఒకటి, రెండు, పది, ముప్పై.

ఆ మధ్య ఒకనాడు సిద్ధవ్వ గేటు దగ్గర నిలబడి అంది, "ఈ మధ్య మన కుక్కలు బాగా బలిసినాయి సోమలింగం."

"అంతా నీ చలవే అవ్వా," అన్నాడు సోమలింగం చేతులు జోడించి.

అట్లాంటి మనిషికి ఈరోజు, నలభయ్యో రోజున, ఇంత మాట. విసవిసా నడుచుకుంటూ సిద్ధవ్వ దగ్గరికి పోయాడు. ఆమె అప్పటికే కావేరిని పక్కన కూచోబెట్టుకుని గిన్నెలో పెరుగన్నం కలుపుతోంది.

"విన్యావా అవ్వా ఆ టీచరమ్మ మాటలు? నేను పిల్లలను మాడ్చి చంపుతున్నానంట! నా డబ్బాకు బదులు బన్నులు పెడుతుందంట! ఆస్పత్రిలో పదేళ్లు చేసినోణ్ణి, ఏ బిడ్డకు ఏం పెట్టాలో నాకు తెలీదా?"

సిద్ధవ్వ ముద్ద చేసి కావేరి నోట్లో పెట్టింది. పిల్ల గబగబా మింగి మళ్లీ నోరు తెరిచింది.

"ఈ పిల్ల కడుపులో పాములున్నట్టున్నాయి. లేకుంటే డబ్బాడన్నం తిని కళ్లు తిరిగి పడేదేంది? నువ్వే అడుగు. ఏమే కావేరీ, డబ్బా ఖాళీ చేస్తివా లేదా?"

కావేరి తల దించుకుంది. "చేస్తిని అన్నా."

"వింటివా!"

గిన్నె ఖాళీ అయింది. మళ్లీ అన్నం పెట్టుకుని కలిపింది. అది కూడా అయిపోయాక పిల్ల మూతి తన కొంగుతో తుడిచి, అప్పుడు సోమలింగం వైపు తిరిగింది.

"రేపు పద్దెనిమిది డబ్బాలు కట్టు నాయనా."

"ఇంకోటి ఎవరికవ్వా?"

"నీకే. పిల్లలతో పాటు బడికి పోయి, గంట కొట్టినాక తిని రా. సాయంత్రం గేట్లో నేనుంటా."

సోమలింగానికి ప్రాణం లేచొచ్చింది. అవును, అదే సరైన పని! ఆ రెజీనా టీచరు ఎదురుగా కూచుని తిని చూపిస్తాడు. రేపటితో మండలం పూర్తి. ఆమె నోరు మూతపడాలి.

మర్నాడు మామూలుకన్నా ముందు లేచాడు. కొర్రన్నం, మునగాకు తాళింపు, బీరచెక్కు పచ్చడి, ఉలవ గుగ్గిళ్లు. పొయ్యి మీది నుంచి దించగానే అరచేతిలో ఇంత వేసుకుని రుచి చూశాడు. పొగలు కక్కుతూ, మెత్తగా, కమ్మగా ఉంది. దీనికా పేరు పెట్టేది? సత్తువ ఆవిరితో పోకూడదని, వేడి వేడిగానే పద్దెనిమిది డబ్బాల్లో కుక్కి, మూతలు బిగించాడు.

రెండు మైళ్లు పిల్లలతో నడిచాడు. పిల్లలు మాటిమాటికీ అతని సంచి వంక చూశారు. ప్రార్థన అయింది. ఒకటో గంట, రెండో గంట. రేకుల వరండాలో కూచుని సోమలింగం చెమటలు తుడుచుకున్నాడు. పొద్దు నడినెత్తికి వచ్చింది. పొద్దున రుచి చూసిన పిడికెడు తప్ప కడుపులో ఏమీ లేదు. ఆకలి కరకరలాడుతోంది.

భోజనం గంట కొట్టారు. పదేళ్ల గంగాధర, పిల్లల్లో పెద్దవాడు, దగ్గరికి వచ్చాడు.

"నువ్వు ఈడ్నే కూచో అన్నా. మేము కల్వర్టు దగ్గర నీడలో తింటాం. రోజూ ఆడ్నే తినేది."

"పోండి. శుభ్రంగా తినండి," అన్నాడు సోమలింగం. ఎదురుగా టీచర్ల గది తలుపు తెరిచి ఉంది. రెజీనా టీచరు తన క్యారియరు విప్పుకుంటూ ఇటే చూస్తోంది. మంచిది. చూడనీ. అతను మఠం వేసుకుని డబ్బా మూత తీశాడు.

మూత లోపలి నుంచి నీళ్లు కారి చేతిమీద పడ్డాయి. పొద్దున మూసిన ఆవిరంతా ఏడు గంటలసేపు లోపలే ఉడికి, చెమటకంపు కొట్టింది. పచ్చగా ఉన్న మునగాకు నల్లబడింది. కొర్రన్నం అడుగున తడిసి, పైన గడ్డకట్టింది. వేలితో విరిస్తే పెంకులా ఊడొచ్చింది.

ఒక ముద్ద నోట్లో పెట్టుకున్నాడు. నమిలాడు. కొర్రగింజలు గొంతులో ఇసుకలా దిగాయి. నీళ్లు తాగాడు. రెండో ముద్దలో మునగకాడ వచ్చింది. ఎంత నమిలినా అది నలగలేదు. మింగితే గొంతుకు అడ్డం పడింది. మళ్లీ నీళ్లు తాగాడు. మూడో ముద్ద చేతిలోకి తీసుకున్నాడు గానీ నోటిదాకా పోలేదు.

తలెత్తితే రెజీనా టీచరు ఇంకా చూస్తోంది. అతనికి తల కొట్టేసినట్టయింది. ఆకలేమో అట్లాగే ఉంది, అన్నమేమో దిగనంటోంది. దీన్ని ఇట్లాగే తిరిగి తీసుకుపోతే? సాయంత్రం గేట్లో సిద్ధవ్వ ఉంటుంది. మండలం ఆఖరి రోజు!

"ఇక్కడ ఎండగా ఉంది," అన్నాడు ఎవరూ అడక్కపోయినా. డబ్బా పట్టుకుని లేచి, బడి గోడ చుట్టూ తిరిగి కల్వర్టు వైపు నడిచాడు.

కల్వర్టు కింద నీడలో పిల్లలు పదిహేడు మందీ ఉన్నారు. వాళ్లకు ఎదురుగా వరసగా కుక్కలు. ఆశ్రమం కుక్కలే. నల్లది, మచ్చలది, చెవి తెగినది. పంక్తి భోజనాలకు కూచున్నట్టు తోకలు సర్దుకుని కూచున్నాయి. డబ్బాలన్నీ తెరిచి ఉన్నాయి. గంగాధర చేతిలో ఉలవలున్నాయి, నోరు ఆడుతోంది. గుగ్గిళ్లు మాత్రం పిల్లలే తింటున్నారు. మిగతాదంతా నేలమీద పడుతోంది.

అతన్ని చూసి చేతులు ఎక్కడివక్కడ ఆగిపోయాయి.

సోమలింగానికి ఒళ్లంతా కోపం ఎగదన్నింది. దొంగవెధవలు! నలభై రోజులు! నలభై రోజులు తన కళ్లలో దుమ్ము కొట్టి, ఖాళీ డబ్బాలు బోర్లించి చూపించారు! అరవడానికి నోరు తెరిచాడు. తెరిచిన నోట్లో పళ్ల మధ్య మునగపీచు ఇంకా ఇరుక్కునే ఉంది. చేతిలో మూత తీసిన డబ్బా ఉంది. పిల్లలు అతని ముఖం చూడటం లేదు, ఆ డబ్బానే చూస్తున్నారు.

కావేరి కొంచెం పక్కకు జరిగి చోటిచ్చింది.

"ఆ చెవి తెగినదానికి పెట్టన్నా," అంది మెల్లగా. "అది కాడలు గూడా తింటాది."

చెవి తెగిన కుక్క లేచి తోక ఊపుతూ అతని దగ్గరికి వచ్చింది. అది నిజంగానే కాడలు కూడా తిన్నది.

సాయంత్రం గేట్లో సిద్ధవ్వ పీట వేసుకుని కూచుని ఉంది. పిల్లలు వరసగా నిలబడ్డారు. అందరి వెనకా సోమలింగం. కుక్కలు మూతులు నాక్కుంటూ వచ్చి గేటు బయట పడుకున్నాయి.

"డబ్బా ఖాళీనా?" అని అడిగింది సిద్ధవ్వ ఒక్కొక్కరినీ. పిల్లలు తెరిచి బోర్లించారు. ఆమె తల ఊపి లోపలికి పంపింది. కానీ గేటు దాటినవాళ్లు ముందుకు పోలేదు. నల్లబల్ల దగ్గర గుంపుగా ఆగిపోయారు.

సోమలింగం వంతు వచ్చింది.

"డబ్బా ఖాళీనా నాయనా?"

అతను మూత తీసి బోర్లించాడు. ఒక్క మెతుకు రాలలేదు.

"భేష్," అంది సిద్ధవ్వ. ఒళ్లో దాచుకున్న సుద్దముక్క తీసి అతని చేతిలో పెట్టింది. "మండలం పూర్తయింది. పోయి నలభై ఒకటి రాయి."

బల్ల మీద నిన్న తను దిద్ది దిద్ది రాసిన నలభై ఉంది. పిల్లల్లో ఒక్కరు కూడా నవ్వలేదు. నవ్వి ఉంటే బాగుండేది. సోమలింగం సుద్దముక్క పట్టుకుని బల్ల దగ్గరికి నడిచాడు. తర్వాత భుజం మీది తువ్వాలు తీసి ఆ నలభైని తుడిచేశాడు.

వంటింటి వాకిట్లో రేపటికని కోసి పెట్టిన మునగాకు మోపు ఉంది. దాన్ని ఎత్తుకుపోయి కుడితి తొట్టి పక్కన కూలబడి, ఒక్కో రెమ్మ పట్టి ఆకు దూయడం మొదలుపెట్టాడు. కాసేపటికి కావేరి వచ్చి, కొంచెం దూరంగా కూచుంది. అతను తల ఎత్తకుండానే అడిగాడు.

"రేపు డబ్బాలోకి ఏం కట్టమంటావు?"

చెప్పడం కూడా తప్పేమోనని పిల్ల సిద్ధవ్వ వైపు చూసింది. సిద్ధవ్వ ఎటో చూస్తోంది.

"ఏదైనా సరే అన్నా. మధ్యాహ్నానికి గూడా మెత్తగా ఉండాల."

సోమలింగం తల ఊపాడు. దూసిన కాడలు తొట్టిలో పడేశాడు. కట్టుగొయ్య దగ్గర ఎనుము తల ఎత్తి చూసింది.