ఉలవకట్టు కుండ

అనగనగా, ఎడ్లు ఇంకా మాటలు మరిచిపోని కాలంలో, కుందవరం అనే ఊళ్లో గురవయ్య సెట్టి అనే ఉప్పు వర్తకుడు ఉండేవాడు. ఉప్పు బస్తాలు మోయడానికి ఆయనకు పాకనిండా ఎడ్లు. సంతల నుంచి అవి అలిసి తిరిగొచ్చినప్పుడల్లా ఉలవలు ఉడకబెట్టి పెట్టడం అచ్చమ్మ పని.

అచ్చమ్మకు పెనిమిటి లేడు. పిల్లలు మాత్రం ఇంటినిండా ఉన్నారు. తను కన్నవాళ్లు నలుగురు, కాలంచేసిన చెల్లెలు వదిలివెళ్లినవాళ్లు ఇద్దరు. ఆపైన పళ్లూడిన అత్తగారు. చిన్న కుండ పెడితే కడుపులు నిండవు. పెద్ద కుండ పెడదామంటే అందులో వేయడానికేమీ లేదు.

అయితే ఆ ఊళ్లో ఒక వాడుక ఉంది. ఉడికిన ఉలవల నుంచి వార్చిన నీళ్లను కట్టు అంటారు కదా. "గింజ ఎద్దుది, కట్టు కాచినవాళ్లది" అని పెద్దల మాట. అందుకని అచ్చమ్మ గింజలు తొట్టిలో పోసి, కట్టు కడవకెత్తుకుని ఇంటికి తెచ్చుకునేది.

పెద్ద కుండలో కట్టు పోసి, చింతపండు పిసికి, ఉల్లిపాయలూ మిరపకాయలూ వేసి పిడకల సెగ మీద పెట్టేది. మంట రానిచ్చేది కాదు. పొద్దున పెడితే దీపాలు పెట్టే వేళకి ఇగిరి ఇగిరి సగానికి దిగేది. అప్పుడా చారు ఎంత చిక్కనో! గరిటెడు వేస్తే జొన్నసంకటి ముద్ద దానంతటదే గొంతు దిగేది. మళ్లీ ఎడ్లు సంత నుంచి వచ్చేదాకా ఆ కుండే ఇంటిల్లిపాదినీ సాకేది. నిలవున్నకొద్దీ రుచి పెరిగేది కూడా.

ఆ వాసన సెట్టి భార్య నాంచారమ్మ ముక్కుకు తగిలింది. తనూ కట్టు తెప్పించి కాచింది. మొదటిసారి వాననీళ్లలా వచ్చింది. రెండోసారి మంట ఎగదోసింది, అడుగంటింది. మూడోసారి ఉలవలు నూరి కలిపింది, గోడకు మెత్తే అడుసైంది.

"వట్టి నీళ్లు అంత చిక్కబడతాయా? ఎవరి చెవిలో పువ్వులు పెడుతోంది! మన గింజలే నూరి కలుపుతోంది" అంది మొగుడితో.

"అందుకేనా మన చుక్కన్నకు డొక్కలు తేలాయి!" అన్నాడు సెట్టి. చుక్కన్న ఆయన పాకలో అందరికన్నా ముసలి ఎద్దు. దాన్నే సాక్ష్యంగా తోలుకుని అచ్చమ్మ గుడిసెకు వచ్చాడు.

పిల్లలు అప్పుడే ముంతలు ముందు పెట్టుకుని కూర్చున్నారు.

"అచ్చమ్మా, ఆ గరిటె ఇటియ్యి. గింజ కనబడిందా, నీకు పనీ లేదు, కట్టూ లేదు!"

అచ్చమ్మ ముంతల వంక చూసింది. గరిటె ఇచ్చింది.

సెట్టి కుండలో గరిటె పెట్టి ఒకసారి దేవాడు. ఉల్లిపాయ ముక్క వచ్చింది. రెండోసారి దేవాడు. చింతపండు ఈనె వచ్చింది. మూడోసారి కుండ అడుగుదాకా దేవాడు. వచ్చాయి, రెండు ఉలవగింజలు!

"ఇవేమిటి?"

"వార్చేటప్పుడు జారిపడ్డవి అయ్యా. అవి మేం తినం."

"తినక ఏం చేస్తారు, పూజ చేస్తారా?"

అందరికన్నా చిన్నది పున్నమ్మ. లేచి వెళ్లి కొబ్బరిచిప్ప పట్టుకొచ్చింది. అడుగున కాసిని మెత్తటి గింజలు, కడిగి పెట్టినవి.

"ఇవి చుక్కన్నవి. నేను ఒక్కటంటే ఒక్కటి నోట్లో వేసుకున్నానని అమ్మ మొట్టికాయ వేసింది" అంది, ఇంకా నెత్తి తడుముకుంటూ.

అప్పుడు చుక్కన్న గుమ్మంలోకి తల పెట్టింది. "సెట్టీ, పిల్ల చెప్పింది నిజం. పాకకు వచ్చినప్పుడల్లా అచ్చమ్మ ఆ చిప్ప నా మూతి దగ్గర పెడుతుంది. నేను చిక్కింది ముసలితనం వల్ల. నీకూ బట్టతల వచ్చింది, ఆ జుట్టు కూడా అచ్చమ్మే ఎత్తుకుపోయిందా?"

పిల్లలు కిసుక్కున నవ్వారు. సెట్టి తల తడుముకున్నాడు. గొంతు తగ్గించి, "మరి ఇంత చిక్కన ఎలా వచ్చిందమ్మా?" అన్నాడు.

"ఏముందయ్యా, తొందరపడను. పిల్లలు ఆకలంటుంటే మంట ఎగదోయాలనే ఉంటుంది. ఎగదోస్తే ఆ పూటకు గొంతు తడుస్తుంది, అంతే. కాస్త ఓర్చుకుంటే నాలుగు పూటలు కడుపు నిండుతుంది."

మూలనుంచి అత్తగారు బోసినోటితో అంది, "గరిటె పట్టుకు నిలబడితే ఎలా బాబూ? కూర్చో, నువ్వూ ఓ ముద్ద తిను."

సెట్టి పిల్లల వరసలో చతికిలబడ్డాడు. మొదటి ముద్దకి ఆయనకు వాళ్లమ్మ గుర్తొచ్చింది. రెండో ముద్దకి కళ్లు చెమర్చాయి. కుండ మాత్రం, వింత చూడండి, ఆయన తిన్నాక కూడా అందరికీ సరిపోయింది. నాంచారమ్మకో ముంతెడు మిగిలింది కూడా.

మర్నాటినుంచి చుక్కన్నకు బస్తాలు మోసే పని తప్పింది. అచ్చమ్మ వాకిట్లో కట్టేశారు. దాని వంతు ఉలవలు అక్కడికే వచ్చేవి, కాచినవాళ్ల కట్టు అచ్చమ్మ కుండలోకే చేరేది. నాంచారమ్మ తనే వచ్చి పొయ్యి పక్కన కూర్చుని, సెగ చూడడం నేర్చుకుంది.

పరుల గింజ ముట్టని ఇంట్లో, నీళ్లు కాచినా కుండ నిండుగానే ఉంటుంది.