పై అరలో నీలిపండు

ఒక వంటింట్లో ఒక ఫ్రిజ్ ఉండేది. దాని పై అరలో, అడుగున చిల్లులున్న ప్లాస్టిక్ డబ్బాలో, కొన్ని నీలిపండ్లు ఉండేవి. వాటిని బ్లూబెర్రీలంటారు. చూడబోతే మన కలివిపండ్లంతే ఉంటాయి గానీ ఇవి విమానమెక్కి వచ్చాయి.

వాటిని తెచ్చింది ఆ ఇంటి ఇల్లాలు. ఆమె భర్తతో డాక్టరు ఒళ్ళు జాగ్రత్త అన్నాడు. ఫోనులో ఒకావిడ రోజూ పండ్లన్నీ మిక్సీలో వేసి స్మూతీ అని చేసి చూపిస్తుంది. ఈ నీలిపండ్లలో యాంటీఆక్సిడెంట్లు మెండుగా ఉంటాయని, అవి ఒంటికి తుప్పు పట్టనివ్వవని ఆవిడ చెప్పింది. ఇనుప గేటుకి రంగేసినట్టన్నమాట. ఇల్లాలు ఆ సాయంత్రమే వెళ్ళి కొనుక్కొచ్చింది.

కొన్నాక మాత్రం వాడటానికి చెయ్యి రాలేదు. ఇంత మంచివి ఉత్త రోజున వాడేస్తామా, ఎవరైనా గొప్పవాళ్ళు వచ్చినప్పుడు చేద్దాం అనుకుని పై అరలో పెట్టింది. ఆ ఇంట్లో పూల కప్పులూ అలాగే అద్దాల బీరువాలో ఉన్నాయి. సోఫా కొని ఎంత కాలమైందో గానీ దాని ప్లాస్టిక్ కవరు ఇంకా తియ్యలేదు.

డబ్బాలో అన్నిటికన్నా పెద్ద నీలిపండుకి ఈ ఏర్పాటు తెగ నచ్చింది. కింది అరలో జామకాయలు, దానిమ్మలు, అరటిపండ్లు, సగం కోసిన బీట్‌రూటు ఉండేవి. అవి దాన్ని అయ్యగారూ అని పిలిచేవి. అలా పిలవమని అదే చెప్పింది.

పొద్దున్నే తలుపు తెరుచుకునేది, దీపం వెలిగేది, ఒక చెయ్యి లోపలికొచ్చేది. ఆ చెయ్యి ఎప్పుడూ కింది అరలోకే వెళ్ళేది. ఆ తర్వాత మిక్సీ మోత. వెళ్ళినవాళ్ళు తిరిగొచ్చేవాళ్ళు కాదు. పెద్ద నీలిపండు పైనుంచి చూసి, పాపం ఇవాళ ఎవరోయ్ అని అడిగేది. జామ అండీ అని కిందనుంచి జవాబొచ్చేది. పోనీలే, మంచి కాయ, అనేది నీలిపండు.

ఈలోగా అతిథులు వచ్చారు. ముందు మేడమీది ఇంటి ఓనరుగారి భార్య వచ్చింది. ఇల్లాలు డబ్బా తీసింది. ఈవిడ రోజూ మెట్లు దిగేదే కదా అనుకుని మళ్ళీ పెట్టేసింది. తర్వాత పెద్దాడపడుచు వచ్చింది. ఆవిడకి పండు పేరు చెబితే గొప్పలకు పోతున్నావంటుంది, చెప్పకపోతే విలువ తెలీదు. అందుకని ఉప్మా చేసి పంపేసింది. చివరికి భర్త ఆఫీసులో పెద్దాయన వచ్చాడు. ఇల్లాలు మిక్సీ కడిగి తుడిచింది, పూల కప్పులు కూడా దించింది. ఆయన జలుబు చేసిందమ్మా, చల్లనివి ముట్టుకోను, కాస్త అల్లం టీ ఇమ్మన్నాడు.

నీలిపండు ఏమీ అనుకోలేదు. తన స్థాయికి తగ్గవాళ్ళు ఇంకా రాలేదని కింది అరకి చెప్పింది.

ఒక పొద్దున దానికి ఒంట్లో మెత్తమెత్తగా అనిపించింది. పక్కపండుని పలకరిస్తే పలకలేదు. చూస్తే దాని నెత్తిన తెల్లటి నూగు పట్టి ఉంది. అటుపక్క దానికీ అంతే. గ్లాసు మొహం చూడకుండానే చెత్తబండి ఎక్కేస్తానా అని నీలిపండుకి భయం పట్టుకుంది. అంత దూరం వచ్చింది ఎందుకు మరి? ఎవరో ఒకరి ఒంట్లో పడాలనే కదా.

పరువు పక్కన పెట్టి, కిందికి వంగి అరటిపండుని పిలిచింది.

"ఏమోయ్, నీకన్నా ముందొచ్చాను. అయినా నాకు పిలుపు రాదేం?"

"మాకు వయసొస్తే మచ్చలొస్తాయండీ. నల్లబడితే ఆవిడ ఇంక ఆగదు, ఇవాళే వేసేద్దాం అంటుంది. తమరు వచ్చినప్పుడే నల్లగా వచ్చారు. తమకి వయసొచ్చినా ఎవరికి తెలుస్తుంది?"

నీలిపండు తన తొక్క చూసుకుంది. అన్నాళ్ళూ ఆ నిగనిగ చూసుకునే మురిసింది మరి.

"అయితే నన్నేం చెయ్యమంటావు?"

"కారండి."

"కారడమేమిటోయ్, నా అంతవాణ్ణి పట్టుకుని."

"తమ కిందే పెరుగు గిన్నె ఉంది. ఆవిడ దేన్నైనా ఓర్చుకుంటుంది గానీ పెరుగు జోలికొస్తే మాత్రం ఊరుకోదండీ."

నీలిపండు చాలాసేపు సిగ్గుపడింది. తర్వాత తొక్క బిగువు వదిలేసింది. మిగిలినవీ దాన్ని చూసి వదిలేశాయి. డబ్బా చిల్లుల్లోంచి, అర ఊచల సందుల్లోంచి ఊదారంగు చుక్కలు ఒక్కొక్కటే దిగి మీగడ మీద పడ్డాయి.

మర్నాడు పొద్దున ఇల్లాలు తలుపు తీసి, పెరుగు చూసి, అయ్యో నా తల్లీ అంది. డబ్బా దించింది. బూజు పట్టినవి ఏరి పారేస్తూ తనని తానే తిట్టుకుంది. బాగున్నవి గుప్పెడు మిగిలాయి. ఉప్పునీళ్ళలో కడిగింది. ఇంట్లో అతిథులెవరూ లేరు. భర్త బనీనుతో బాల్కనీలో కూర్చుని కాలిగోళ్ళు తీసుకుంటున్నాడు.

ఇంక ఆలోచించలేదు. అరటిపండు ఒలిచి వేసింది, నీలిపండ్లు వేసింది, చుక్కలు పడిన పెరుగే వేసింది, చారెడు అవిసెగింజలు వేసి మిక్సీ తిప్పింది. జారులోకి దిగేటప్పుడు ఎవరు పై అర వాళ్ళో, ఎవరు కింది అర వాళ్ళో కాస్త తెలిసింది. తిరగడం మొదలయ్యాక తెలియలేదు.

గ్లాసు నిండా పోసి భర్త చేతికిచ్చి వచ్చింది.

జారుకి అంటుకున్నది పారెయ్యడం ఆమెకి ఇష్టం ఉండదు. కాసిని నీళ్ళు పోసి, తొలిచి, సింకు దగ్గర నిలబడే తాగేస్తుంది. ఇంట్లో ఎన్ని రకాల స్మూతీలు చేసినా ఆమె వంతు ఆ కడుగునీళ్ళే. ఆ రోజూ అలాగే పైకెత్తింది. బ్లేడు కింద ఇరుక్కుని, నలగకుండా మిగిలిన పెద్ద నీలిపండు ఆ నీళ్ళతో జారి వచ్చి ఆమె నోట్లో పడింది.

ఆమె కొరికింది. పులుపు, వెనకే తీపి. అలాగే ఆగిపోయింది.

"ఏమే, ఇవాళ్టి దాంట్లో ద్రాక్ష వేశావా? ఇంకాస్త ఉందా?" అని బాల్కనీలోంచి భర్త కేకేశాడు.

ఆమె స్టూలు లాక్కుని వంటింటి మధ్యలో కూర్చుని, మెల్లగా నములుతోంది. ఫ్రిజ్ తలుపు వెయ్యడం మర్చిపోయింది. ఆవిడ కూర్చోవడం కింది అర పండ్లు అదే మొదటిసారి చూడటం. ఎవరో చాలా గొప్పవాళ్ళు వచ్చారనుకుని, జామకాయ, దానిమ్మ ఒకదాన్నొకటి సర్దుకుని నిటారుగా నిలబడ్డాయి.