మసి అంటని పొయ్యిలు

అనగనగా, మీరూ నేనూ ఎవరమూ పుట్టని రోజుల్లో, రత్నకూటమని ఒక రాజ్యం ఉండేది. ఆ రాజ్యానికి మూడు కొండలు. ఈ కథ మొదలయ్యేనాటికి వాటిలో రెండు బోడిగుండ్లయిపోయాయి. ఏ మునీ శాపం పెట్టలేదు, ఏ రాక్షసుడూ మింగలేదు. ఊళ్ళోవాళ్ళే చెట్లు కొట్టుకొచ్చి పొయ్యిలో పెట్టేశారు!

ఆ రాజ్యాన్ని ఏలేవాడు జయకీర్తి మహారాజు. మనసు మంచిదే. కాకపోతే, ఆజ్ఞ వేశానంటే పని అయిపోయినట్టేనని అనుకునే రకం.

ఒకనాడు కొలువులోకి ఒక గోరింక ఎగిరొచ్చి, సింహాసనం ఎదుట వాలింది.

"మహారాజా! నా గూడు మూడో కొండ మీద, మద్దిచెట్టు తొర్రలో ఉంది. రెండు కొండలు పోయాక పిట్టలమంతా అక్కడే తలదాచుకుంటున్నాం. అదీ పోతే మాకింకెక్కడా చోటు లేదు. ఆ ఒక్క కొండనూ కాపాడండి" అంది.

రాజు మనసు కరిగింది. మంత్రి భద్రపాలుణ్ణి పిలిచి ఉపాయం అడిగాడు. మంత్రి బాగా ఆలోచించాడు.

"ప్రభూ! మన కుమ్మరులు మూతపొయ్యి అని ఒకటి చేస్తున్నారు. చుట్టూ మట్టిగోడ, పైన పొగగొట్టం. మూడురాళ్ళ పొయ్యికి నాలుగు కట్టెలు కావలసినచోట దానికి ఒక్కటి చాలు. కానీ వెల ఎక్కువని జనం కొనడంలేదు. కొన్నవారికి సగం వెల మన ఖజానా నుంచి రాయితీగా ఇద్దాం" అన్నాడు.

"భేష్!" అన్నాడు రాజు.

దండోరా పడింది. ఇక చూడండి! జనం కుమ్మరివాడకు పరుగులు తీశారు. రాజభటులు ఇంటింటికీ వెళ్ళి, కొత్త పొయ్యి ఉందా లేదా అని చూసి, ఉన్నవారికి రాయితీ ఇచ్చి వచ్చారు. వానలు మొదలయ్యేసరికి మూతపొయ్యి లేని ఇల్లే లేకుండాపోయింది. మంత్రి మీసం మెలేశాడు. రాజు మంత్రి మెడలో హారం వేశాడు.

సరిగ్గా అప్పుడు గోరింక మళ్ళీ వచ్చింది. ఆయాసపడుతోంది.

"మహారాజా! ఊరి మీద పొగ ఇసుమంతైనా తగ్గలేదు. గూట్లో నా పిల్లలకు ఇంకా రెక్కలు రాలేదు. నాకు భయంగా ఉంది" అంది.

"అదెలా? ప్రతి ఇంటికీ పొయ్యి ఇప్పించాను కదా!" అన్నాడు రాజు.

"ఇప్పించారు. వచ్చి చూశారా?"

రాజుగారి చెవులు ఎర్రబడ్డాయి. వెంటనే మంత్రితో కలిసి బాటసారి వేషం వేసుకుని బయల్దేరాడు. గోరింక ముందు ఎగురుతూ దారి చూపింది.

మొదటి ఇల్లు సుంకులమ్మది. మంచినీళ్ళు అడిగే నెపంతో లోపలికి వెళ్ళి చూద్దురుగదా, నడిమింట్లో పీట మీద మూతపొయ్యి! ఒళ్ళంతా పసుపు, నుదుట కుంకుమ, మెడలో బంతిపూల దండ. మసి మచ్చుకైనా లేదు. పెరట్లో మాత్రం మూడురాళ్ళ పొయ్యి భగభగా మండుతోంది.

"అమ్మా, ఆ కొత్త పొయ్యి వెలిగించరా?" అని అడిగాడు రాజు.

సుంకులమ్మ బుగ్గలు నొక్కుకుంది. "అయ్యో నాయనా, అంత మంచి పొయ్యికి మసి పట్టిస్తామా? రాజుగారిచ్చింది! మా అబ్బాయి పెళ్ళయి కోడలు కాపురానికొచ్చాక, తన చేత్తో పాలు పొంగించి మొదలుపెడుతుంది."

"పెళ్ళెప్పుడమ్మా?"

"ముందు వాడికి పాలపళ్ళన్నీ ఊడాలి కదయ్యా!"

రాజు నోరెళ్ళబెట్టాడు. ఆ వీధిలో ఏ ఇంట్లోకి తొంగిచూసినా పూలదండలే!

రెండో ఇల్లు కోటిలింగం అనే వర్తకుడిది. ఇక్కడ మూతపొయ్యి మండుతోంది. రాజుకు ప్రాణం లేచొచ్చింది. కానీ పెరట్లోకి వెళ్తే ఏముందనుకున్నారు? మూడురాళ్ళ పొయ్యిలు రెండు! ఒకదాని మీద కాగులో వేన్నీళ్ళు, ఇంకోదాని మీద గంగాళంలో ఉలవలు.

"వంట కొత్త పొయ్యి మీదే కదండీ! బోలెడు కట్టె మిగిలిపోతోంది" అన్నాడు కోటిలింగం సంతోషంగా. "మిగిలింది ఊరికే పడుండడమెందుకని పొద్దస్తమానం వేన్నీళ్ళు పెట్టిస్తున్నా. మా గేదెలు కూడా వేన్నీళ్ళే పోసుకుంటున్నాయి. అంతా రాజుగారి చలవ!"

పాపం, కోటిలింగం వెక్కిరించలేదు. నిజంగానే దణ్ణం పెట్టాడు.

వీధిలోకి వచ్చాక రాజుకు ఒళ్ళు మండిపోయింది. "ఇంత మోసమా! రాయితీ తీసుకుని ఇదా చేసేది? మంత్రీ, వీళ్ళందరినీ కారాగారంలో వేయించు!"

"ఇంకొక్క ఇల్లుంది మహారాజా. అది చూశాక మీ చిత్తం" అంది గోరింక.

అది సందుల్లోంచి తీసుకెళ్ళి ఒక పెద్ద ఇంటి పెరటి గుమ్మం దగ్గర ఆగింది. గుమ్మం ఎదుట కట్టెల బండ్లు బారులు తీరి ఉన్నాయి. లోపల పందిరి కింద, చివర కనిపించనంత దూరం మూడురాళ్ళ పొయ్యిలు! వెతికినా ఒక్క మూతపొయ్యి లేదు. పొగకు రాజు కళ్ళ వెంట నీళ్ళు కారాయి.

"ఎవడిదీ ఇల్లు? ఎవడు వీడు, ఊరందరి కట్టె ఒక్కడే తగలబెడుతున్నాడు?" అని కేకలేశాడు.

గరిటె పట్టుకుని ఒక లావుపాటి మనిషి బయటికొచ్చాడు. రాజు ముఖం చూశాడు. గరిటె జారవిడిచి సాష్టాంగపడ్డాడు. "ప్రభూ! తమరు... ఈ వైపు నుంచి?"

రాజు అతణ్ణి గుర్తుపట్టాడు. ఆ మనిషి తన వంటవాళ్ళకు పెద్ద, గుండప్ప! అది తన సొంత వంటశాల! పుట్టి బుద్ధెరిగి రాజు దాని వెనకవైపు చూసి ఉంటే కదా!

"గుండప్పా, ఇక్కడ కొత్త పొయ్యిలేవీ?" అన్నాడు.

"రాయితీ జనానికి కదా ప్రభూ. మనకు ఎవరూ చెప్పలేదు."

"ఈ కట్టెలెక్కడివి?"

"మూడో కొండవి ప్రభూ. ఆ రెండు కొండల నుంచి తెచ్చిన నిల్వ నిన్నటితో అయిపోయింది కదా. ఈ పొద్దుటి నుంచే కొట్టిస్తున్నాం."

గోరింక కెవ్వుమంది.

ఆ కేకకు జవాబుగా దగ్గర్లో ఎక్కడో కిచకిచమని సన్నటి గొంతు వినిపించింది. అందరూ చెవులు రిక్కించారు. అప్పుడే పొయ్యిలోకి తోసిన మద్దిదుంగలోంచి వస్తోంది ఆ గొంతు! ఒక కొస అంటుకుంది. రెండో కొసన తొర్ర.

రాజు ఒక్క ఉదుటున దూకి, వట్టి చేతులతో దుంగను బయటికి లాగాడు. అరచేతులు బొబ్బలెక్కాయి. తొర్రలో చెయ్యి పెట్టి పిల్లలను తీశాడు. రెండు నోళ్ళు తెరిచి అరుస్తున్నాయి. మూడోది కదలడంలేదు.

గోరింక రాజు చేతిమీద వాలింది. ఆ కదలని పిల్లను ముక్కుతో ఒకసారి తట్టి చూసింది. మళ్ళీ తట్టింది.

"మీ మేడ మీద పొగే అన్నిటికన్నా నల్లగా ఉంది మహారాజా. చెబితే నమ్మరని మీ కళ్ళతోనే చూడమన్నాను. ఈ దుంగ వస్తుందని మాత్రం నాకు తెలియదు" అంది.

మహారాజు వంటశాల నేల మీద కూలబడి, అందరూ చూస్తుండగానే ఏడ్చాడు. కారాగారం మాట మళ్ళీ ఎత్తలేదు. ఎత్తితే ముందు వెళ్ళవలసింది ఎవరో ఆయనకు తెలిసిపోయింది.

ఆ పూటే కొండ మీద గొడ్డళ్ళు ఆగాయి. వంటశాలలో పాత పొయ్యిలన్నీ రాజే పలుగు పట్టుకుని పెళ్ళగించాడు. మూతపొయ్యిలు వచ్చేదాకా కోటలో అందరూ అటుకులూ మజ్జిగతో సరిపెట్టుకున్నారు, రాజు కూడా. ఇకమీదట రాయితీ కొత్త పొయ్యి కొన్నవారికి కాదు, పాత రాళ్ళు పారేసి కొత్త పొయ్యికి మసి పట్టించినవారికే అని మళ్ళీ దండోరా వేయించాడు. రాజుగారి పొయ్యికే మసి పట్టిందని తెలిశాక సుంకులమ్మ కూడా పూలదండ తీసి పక్కనపెట్టి, కోడలి కోసం ఆగకుండా తనే పాలు పొంగించింది.

మూడో కొండ నిలిచింది. గోరింక మిగిలిన ఇద్దరు పిల్లలతో అక్కడే ఇంకో తొర్ర వెతుక్కుంది.

నీతి: పొదుపు చెయ్యమని ఊరందరికీ చెప్పేవాడు, ముందు తన పొయ్యిలో ఏం కాలుతోందో తానే వెళ్ళి చూసుకోవాలి.